ఆవేశాల లెక్కలు: మైనస్ గుర్తు ఫార్ములాలో కాదు, బొమ్మలో

ఇంటర్ సెకండ్ ఇయర్‌లో విద్యుదావేశాల పాఠం మొదలైన వారానికే, నల్లగొండ కాలేజీలోనైనా వనపర్తి కాలేజీలోనైనా పిల్లలందరికీ ఒక మంత్రం నోటికి వచ్చేస్తుంది: కె క్యూ వన్ క్యూ టూ బై ఆర్ స్క్వేర్. ఫార్ములా గుర్తులేక మార్కులు పోగొట్టుకునేవాళ్లు చాలా తక్కువ. మార్కులు పోయేవి వేరే చోట్ల: సెంటీమీటర్లను మీటర్లలోకి మార్చి వర్గం చేసే దగ్గర, బలం ఎటువైపో తేల్చే దగ్గర, అన్నిటికన్నా ఎక్కువగా మైనస్ గుర్తు దగ్గర. "సార్, మైనస్ ఎక్కడ పెట్టాలె?" అని ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు అడుగుతారు. ఫార్ములాలో ఎక్కడా పెట్టొద్దు, బొమ్మలో పెట్టండి అన్నదే నా జవాబు. ఎందుకో కింద ఒక లెక్కతోనే చూపిస్తాను.

న్యూటన్ నియమాలు, సదిశల కూడిక ఒకసారి చదివినవాళ్లకు ఈ మార్గదర్శి సరిపోతుంది. ఎంసెట్ రాసేవాళ్లు (పేరు ఈఏపీసెట్ అయినా మన నోట ఇంకా ఎంసెటే) ఇంకొకటి గమనించాలి. అక్కడ 3 గంటల్లో 160 ప్రశ్నలు, కాలిక్యులేటర్ ఉండదు. అందుకే ప్రతి లెక్కలోనూ చేత్తో తొందరగా తేలే దారి కూడా చెబుతాను.

మొదటి మెట్టు: కూలుంబ్ అంటే ఎంతో తెలుసుకోండి

కూలుంబ్ నియమం ఇది. రెండు బిందు ఆవేశాల మధ్య బలం ఆ ఆవేశాల లబ్ధానికి అనులోమానుపాతంలో, వాటి మధ్య దూరం వర్గానికి విలోమానుపాతంలో ఉంటుంది. ఫ్రాన్స్‌కు చెందిన మిలిటరీ ఇంజనీరు కూలుంబ్ 1785లో, సన్నని తీగకు వేలాడదీసిన కడ్డీ ఎంత మెలి తిరుగుతుందో కొలిచి దీన్ని తేల్చాడు. శూన్యంలో, దాదాపు గాలిలో కూడా,

బలం = 9 × 10⁹ × (మొదటి ఆవేశం × రెండో ఆవేశం) ÷ దూరం²

ఆవేశాలు కూలుంబులలో (ఆయన పేరే ఆవేశానికి ప్రమాణమైంది), దూరం మీటర్లలో ఉంటే బలం న్యూటన్లలో వస్తుంది.

ఆ 10⁹ని ఊరికే కంఠస్థం చేసి వదిలేయకండి. నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర 1 కూలుంబ్, మహబూబ్‌నగర్ క్లాక్ టవర్ దగ్గర ఇంకో కూలుంబ్ ఉన్నాయనుకోండి. రెండు ఊళ్ల మధ్య నేరుగా గీత గీస్తే సుమారు 140 కిలోమీటర్లు, అంటే 1.4 × 10⁵ మీటర్లు. దాని వర్గం 1.96 × 10¹⁰. 9 × 10⁹ని దానితో భాగిస్తే దాదాపు 0.46 న్యూటన్లు. అది చిన్న కోడిగుడ్డు బరువు. అంత దూరాన ఉండి కూడా ఒకదాన్నొకటి అంత బలంతో నెట్టుకుంటాయి. అదే ఒక మీటరు దూరంలో పెడితే 9 × 10⁹ న్యూటన్లు, దాదాపు తొమ్మిది లక్షల టన్నుల బరువు. వేసవిలో మన దగ్గర పడే పిడుగు కూడా మామూలుగా కొన్ని కూలుంబులో, కొన్ని పదుల కూలుంబులో నేలకు దించుతుంది.

కాబట్టి బల్ల మీద ప్రయోగంలాంటి లెక్కలో మీకు 3 కూలుంబుల ఆవేశం కనిపిస్తే ప్రశ్నను మళ్లీ చదవండి. అది మైక్రోకూలుంబ్ (10⁻⁶) లేదా నానోకూలుంబ్ (10⁻⁹) అయి ఉంటుంది. అలాగే బల్ల మీది రెండు గోళాల మధ్య బలం 10⁶ న్యూటన్లు వచ్చిందంటే, ఎక్కడో 10⁻⁶ను ఒక్కసారే వేశారు. ఆవేశాలు రెండు కాబట్టి 10⁻⁶ కూడా రెండుసార్లు వచ్చి 10⁻¹² కావాలి.

రెండో మెట్టు: 90 కిటుకు

పరీక్షల్లో ఎక్కువ ప్రశ్నలు మైక్రోకూలుంబులలో, సెంటీమీటర్లలో ఇస్తారు. 9 × 10⁹ని 10⁻¹²తో గుణించి, సెంటీమీటర్ల వర్గం నుంచి వచ్చే 10⁻⁴తో భాగిస్తే మిగిలేది 90. అంతే:

బలం (న్యూటన్లలో) = 90 × (మైక్రోకూలుంబులలో ఆవేశాల లబ్ధం) ÷ (సెంటీమీటర్లలో దూరం)²

3 మైక్రోకూలుంబులు, 5 మైక్రోకూలుంబులు, మధ్య 30 సెంటీమీటర్లు అనుకోండి. 90 × 15 ÷ 900 = 1.5 న్యూటన్లు. ఘాతాంకాల గొడవ లేదు. కానీ బోర్డు పరీక్షలో ఈ కిటుకును నేరుగా రాయకండి. అక్కడ ప్రమాణాలు మార్చిన మెట్టుకు కూడా మార్కు ఉంటుంది. రఫ్ పేజీలో జవాబు సరిచూసుకోడానికి వాడుకోండి.

అణువుల స్థాయి లెక్కలకు ఇలాంటిదే ఇంకో అంకె ఉంది. ఎలక్ట్రాన్ ఆవేశం 1.6 × 10⁻¹⁹ కూలుంబులు. దాని వర్గాన్ని 9 × 10⁹తో గుణిస్తే 2.3 × 10⁻²⁸. దీన్ని గుర్తుపెట్టుకుంటే అయాన్ల లెక్కలన్నీ ఒక్క భాగహారంతో అయిపోతాయి.

మూడో మెట్టు: ఆవేశం ఎంతో ముందు తేల్చండి

చాలా లెక్కల్లో ఆవేశాన్ని సూటిగా ఇవ్వరు. ఇన్ని ఎలక్ట్రాన్లు పోయాయనో, ఈ గోళాన్ని ఆ గోళానికి తాకించారనో చెబుతారు. ఇక్కడ మూడు విషయాలు పనికొస్తాయి.

ఒకటి, ఆవేశం ఎప్పుడూ ఎలక్ట్రాన్ ఆవేశానికి పూర్ణాంక గుణిజమే. "ఒక వస్తువు మీద 2.4 × 10⁻¹⁹ కూలుంబులు ఉండొచ్చా?" అంటే 1.6తో భాగించండి. ఒకటిన్నర వస్తుంది, కాబట్టి ఉండదు. 1 మైక్రోకూలుంబ్ అంటే 6.25 × 10¹² ఎలక్ట్రాన్లు.

రెండు, ఆవేశం పుట్టదు, చావదు, చేతులు మారుతుందంతే. గాజు కడ్డీని పట్టుతో రుద్దితే కడ్డీకి ప్లస్ వస్తుంది, అంతే పరిమాణంలో పట్టుకు మైనస్ వస్తుంది. కదిలేవి ఎలక్ట్రాన్లే. ప్లస్ ఆవేశం వచ్చిన కడ్డీ నిజానికి ఎలక్ట్రాన్లను పోగొట్టుకుంది కాబట్టి దాని ద్రవ్యరాశి కొద్దిగా తగ్గుతుంది. ఎంత తగ్గుతుందని ఒక మార్కు ప్రశ్న అడుగుతుంటారు. పోయిన ఎలక్ట్రాన్ల సంఖ్యను 9.1 × 10⁻³¹ కిలోలతో గుణించడమే.

మూడు, ఒకే సైజు లోహ గోళాలను తాకిస్తే మొత్తం ఆవేశం సగం సగం అవుతుంది. మైనస్ గుర్తును నిజంగా వాడాల్సిన చోటు ఇదే, ఎందుకంటే ఇక్కడ చేస్తున్నది ఆవేశాల కూడిక. ఒక గోళం మీద +8, ఇంకోదాని మీద −2 మైక్రోకూలుంబులు ఉన్నాయి. తాకిస్తే మొత్తం +6, ఒక్కోదానికి +3. మళ్లీ అంతే దూరంలో పెడితే బలం ఎంత మారింది? ముందు లబ్ధం 16, ఇప్పుడు 9. దూరం మారలేదు, కాబట్టి కొత్త బలం పాత బలంలో 9/16 వంతు. పైగా ఆకర్షణ పోయి వికర్షణ వచ్చింది. ఇలాంటి లెక్కల్లో 9 × 10⁹ జోలికి పోవద్దు. నిష్పత్తి అడిగితే నిష్పత్తితోనే తేల్చండి.

దీనికే ఇంకో రూపం ఎంసెట్‌కు బాగా ఇష్టం. సమాన ఆవేశాలున్న రెండు గోళాల మధ్య బలం 'బ'. అదే సైజులో ఆవేశం లేని మూడో గోళాన్ని మొదటిదానికి తాకించి, తర్వాత రెండోదానికి తాకించి తీసేశారు. మొదటిదానిలో సగం మిగిలింది. మూడోది ఆ రెండో సగాన్ని పట్టుకెళ్లి రెండో గోళానికి తాకింది. మొత్తం ఒకటిన్నర, అందులో సగం ముప్పావు. అర × ముప్పావు = 3/8. కొత్త బలం 3బ/8.

మన నీళ్లలో ఎంత ఆవేశం ఉంది?

నల్లగొండ జిల్లా పేరు చెప్పగానే బయటివాళ్లకు ఫ్లోరైడ్ గుర్తొస్తుంది. పటిక, సున్నం వేసి నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి 'నల్లగొండ టెక్నిక్' అనే పేరే స్థిరపడింది. నాగపూర్‌లోని 'నీరి' (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) రూపొందించిన పద్ధతి అది. మన తాతల తరం ఎముకల్లో చేరిన ఆ ఫ్లోరైడ్ నిజానికి ఆవేశమున్న అయాన్. ఒక్కోదాని మీద ఒక ఎలక్ట్రాన్ ఆవేశం ఎక్కువ. అందుకే ఈ లెక్క బయట ఎక్కడ నేర్పినా నేర్పకపోయినా మన దగ్గర చేయించాలని నాకు అనిపిస్తుంది.

తాగునీటిలో ఫ్లోరైడ్‌కు భారత ప్రమాణాలు అనుమతించే గరిష్ఠ పరిమితి లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. సరిగ్గా అంత ఉన్న లీటరు నీళ్లను తీసుకోండి. ఫ్లోరిన్ మోలార్ ద్రవ్యరాశి 19 గ్రాములు. 0.0015 ÷ 19 = సుమారు 7.9 × 10⁻⁵ మోల్. ఒక మోల్ ఎలక్ట్రాన్ల ఆవేశం 96,500 కూలుంబులు. రెంటినీ గుణిస్తే సుమారు 7.6 కూలుంబులు.

పైన ఒక కూలుంబ్ ఎంత భయంకరమో చూశాం. ఒక్క లీటరు బాటిల్‌లో ఫ్లోరైడ్ వల్లే 7.6 కూలుంబుల మైనస్ ఆవేశం ఉందంటే ఆ బాటిల్ పగిలిపోవాలి కదా? అలాంటి రెండు బాటిళ్లు మీటరు దూరంలో ఉంటే 9 × 10⁹ × 7.6 × 7.6, అంటే దాదాపు 5 × 10¹¹ న్యూటన్ల వికర్షణ రావాలి. రాదు. ఎందుకంటే అదే నీళ్లలో సోడియం, కాల్షియం లాంటి ప్లస్ అయాన్లు మొత్తం మైనస్ ఆవేశానికి సరిగ్గా సమానంగా ఉంటాయి. నికర ఆవేశం సున్నా. కూలుంబ్ నియమంలో వేయాల్సింది ఈ నికర ఆవేశాన్నే. "తటస్థ వస్తువులో ఆవేశం ఉండదు" అని రాస్తే నేను మార్కు కోస్తాను. ఉంటుంది, కావలసినంత ఉంటుంది, రెండు రకాలూ సమానంగా ఉంటాయి.

ఫ్లోరైడ్, కాల్షియం కలిసిన ఖనిజం ఫ్లోరైట్. అందులో పక్కపక్కనున్న కాల్షియం, ఫ్లోరైడ్ అయాన్ల మధ్య దూరం సుమారు 2.37 × 10⁻¹⁰ మీటర్లు. కాల్షియం మీద రెండు ప్లస్‌లు, ఫ్లోరైడ్ మీద ఒక మైనస్. బలం = 2 × 2.3 × 10⁻²⁸ ÷ (5.6 × 10⁻²⁰) = సుమారు 8.2 × 10⁻⁹ న్యూటన్లు. చిన్న అంకెలా కనిపిస్తుంది కానీ అది మోస్తున్నది ఒక్క అయాన్‌ను. 9.1 × 10⁻³¹ కిలోల ఎలక్ట్రాన్‌కూ ఒక ప్రోటాన్‌కూ మధ్య విద్యుత్ బలం, వాటి గురుత్వాకర్షణ కన్నా దాదాపు 10³⁹ రెట్లు ఎక్కువ. అందుకే అణువుల లెక్కల్లో గురుత్వాన్ని పట్టించుకోము.

నాలుగో మెట్టు: బొమ్మ, బాణాలు, ఆ తర్వాతే అంకెలు

అసలు విషయం ఇక్కడుంది. కాస్త ఆగి, పెన్ను పట్టుకుని చేయండి.

ఒకే గీత మీద ఎడమ నుంచి కుడికి మూడు ఆవేశాలు. ఎ దగ్గర +4, బి దగ్గర −2, సి దగ్గర +6 మైక్రోకూలుంబులు. ఎ నుంచి బికి 20 సెంటీమీటర్లు, బి నుంచి సికి 30 సెంటీమీటర్లు. ఒక్కోదాని మీద ఫలిత బలం ఎంత, ఎటు?

ముందు బి సంగతి. చుక్క పెట్టి, దాని మీద పనిచేసే బాణాలు మాత్రమే గీయండి. బి మైనస్, ఎ ప్లస్, కాబట్టి ఎ దాన్ని ఎడమకు లాగుతుంది. సి కూడా ప్లస్, కుడికి లాగుతుంది. రెండు బాణాలూ ఎదురెదురు. ఇప్పుడు అంకెలు, గుర్తులు లేకుండా. ఎ వల్ల 90 × 8 ÷ 400 = 1.8. సి వల్ల 90 × 12 ÷ 900 = 1.2. ఫలితం 0.6 న్యూటన్లు, ఎడమకు.

సి మీద: ఎ నెడుతుంది, కుడికి. దూరం 50, కాబట్టి 90 × 24 ÷ 2500 = 0.864. బి లాగుతుంది, ఎడమకు 1.2. ఫలితం 0.336 ఎడమకు. ఎ మీద: బి కుడికి లాగుతుంది, 1.8. సి ఎడమకు నెడుతుంది, 0.864. ఫలితం 0.936 కుడికి.

ఎ, సిల మధ్యలో బి ఉంది కదా, అది ఎ బలాన్ని అడ్డుకోదా అని కొందరికి అనుమానం. అడ్డుకోదు. ప్రతి జంట మధ్య బలం మిగతావి లేనట్టే ఉంటుంది. అధ్యారోపణ సూత్రం చెప్పేది అదే.

ఇప్పుడు మైనస్‌ను ఫార్ములాలో పెట్టే విద్యార్థి ఏం చేస్తాడో చూడండి. సి మీద: ఎ వల్ల +0.864, బి వల్ల −1.2, మొత్తం −0.336. "మైనస్ వచ్చింది కాబట్టి ఎడమకు." జవాబు సరిపోయింది! దాంతో ఆ పద్ధతి మీద నమ్మకం కుదురుతుంది. అదే పద్ధతిలో ఎ మీద: −1.8, +0.864, మొత్తం −0.936, ఎడమకు అంటాడు. అసలు బలం కుడికి. ఇక బి మీద −1.8, −1.2 కలిపి −3.0 అంటాడు. దిశ సరిపోయినట్టే ఉంటుంది కానీ పరిమాణం ఐదు రెట్లు తప్పు. ఫార్ములాలో వచ్చే మైనస్‌కు 'ఆకర్షణ' అనే అర్థం తప్ప 'ఎడమ' అనే అర్థం లేదు. రెండు ఆకర్షణలు ఒకే దిశలో ఉండాలన్న నియమమూ లేదు. ఎంసెట్ ఆప్షన్లలో ఆ 3.0 తప్పకుండా ఉంటుంది, ప్రశ్న తయారు చేసేవాళ్లకు ఈ పొరపాటు బాగా తెలుసు.

సరిచూసుకోడానికి ఒక మంచి దారి ఉంది. బయటి బలం ఏదీ లేదు కాబట్టి, న్యూటన్ మూడో నియమం ప్రకారం మూడింటి మీది ఫలిత బలాల మొత్తం సున్నా కావాలి. ఎడమకు 0.6, 0.336, కలిపి 0.936. కుడికి 0.936. సరిపోయింది. దీనికి పది సెకన్లు పడుతుంది. వ్యాసరూప ప్రశ్నల్లో తప్పక చేయండి.

దూరం విషయంలో ఒక జాగ్రత్త. గోళాలిస్తే దూరం కేంద్రం నుంచి కేంద్రానికి కొలవాలి. లోహ గోళాలు మరీ దగ్గరగా ఉంటే ఫార్ములా సరిగ్గా పనిచేయదు. సజాతి ఆవేశాలు ఒకదాన్నొకటి అవతలి వైపుకు నెట్టుకుంటాయి, అసలు బలం లెక్కకన్నా తగ్గుతుంది. విజాతి అయితే ఎదురుగా చేరి బలం పెరుగుతుంది.

బలం సున్నా అయ్యే చోటు

రెండు ఆవేశాలిచ్చి, మూడో ఆవేశాన్ని ఎక్కడ పెడితే దాని మీద బలం ఉండదు అని అడుగుతారు. ఇక్కడా బొమ్మే ముందు. రెండూ ఒకే రకం అయితే వాటి మధ్యలోనే బాణాలు ఎదురెదురు అవుతాయి. వేర్వేరు రకాలైతే మధ్యలో బాణాలు రెండూ ఒకేవైపు, కాబట్టి ఆ చోటు బయట ఉండాలి, అదీ చిన్న ఆవేశం ఉన్న వైపు. చిన్నదానికి దగ్గరగా ఉంటేనే అది పెద్దదానితో సరితూగుతుంది.

తర్వాత వర్గ సమీకరణం రాసి కూర్చోకండి. రెండు వైపులా వర్గమూలం తీసేయండి. +9, +4 మైక్రోకూలుంబులు, మధ్య 50 సెంటీమీటర్లు. మూలాలు 3, 2. 50ని 3:2లో పంచితే 9 నుంచి 30, 4 నుంచి 20. అయిపోయింది. +9, −4 అయితే? −4కు అవతల 'దూ' దూరంలో అనుకుంటే (50 + దూ) ÷ దూ = 3 ÷ 2. దూ = 100 సెంటీమీటర్లు. సరిచూడండి: 9 ÷ 150² కూడా 4 ÷ 100² కూడా 0.0004.

గమనించారా, ఆ మూడో ఆవేశం ఎంతో, ప్లస్సో మైనస్సో అసలు అవసరం పడలేదు. కానీ "మూడూ సమతాస్థితిలో ఉండాలి" అంటే అవసరం పడుతుంది. +9, +4 మధ్య పెట్టే ఆవేశం ఆ రెంటినీ వెనక్కి లాగాలి కాబట్టి మైనస్ కావాలి. +9 మీద చూడండి. +4 వల్ల 4 ÷ 2500, మూడోదాని వల్ల ఆ ఆవేశం ÷ 900. రెండూ సమానం కావాలంటే అది 1.44. జవాబు −1.44 మైక్రోకూలుంబులు.

ఐదో మెట్టు: గీత దాటి తలంలోకి

త్రిభుజం, చతురస్రం అనగానే చాలామందికి టెన్షన్. నిజానికి సమాన బలాలు రెండు వచ్చే సందర్భాలే ఎక్కువ. వాటికి మూడు విషయాలు గుర్తుంటే చాలు. రెండు సమాన బలాల మధ్య కోణం 60 డిగ్రీలైతే ఫలితం √3 రెట్లు, 90 అయితే √2 రెట్లు, 120 అయితే ఒక్క బలమంతే.

30 సెంటీమీటర్ల భుజం ఉన్న సమబాహు త్రిభుజం మూడు మూలల్లో +2 మైక్రోకూలుంబులు. ఒక్కో జంట మధ్య 90 × 4 ÷ 900 = 0.4 న్యూటన్లు. పై మూలలో రెండు బాణాలూ బయటికి, మధ్య కోణం 60. ఫలితం 0.4√3, సుమారు 0.69 న్యూటన్లు, నిటారుగా పైకి. ఇప్పుడు కింది కుడి మూలను −2 చేయండి. ఎడమది నెడుతుంది, కుడిది లాగుతుంది, బాణాల మధ్య కోణం 120 అయింది. ఫలితం 0.4, భూమికి సమాంతరంగా కుడివైపుకు. కోణాన్ని త్రిభుజం నుంచి కాకుండా బాణాల నుంచి కొలవాలని ఈ రెండో లెక్క చెబుతుంది.

సౌష్ఠవం కనిపిస్తే వదలకండి. చతురస్రం నాలుగు మూలల్లో సమాన ఆవేశాలుంటే కేంద్రంలో బలం సున్నా, ఒక్క గుణకారం కూడా అక్కర్లేదు. క్రమ పంచభుజి, క్రమ షడ్భుజి ఏదైనా ఇంతే. ఒక మూలలోని ఆవేశాన్ని తీసేస్తే? మిగిలినవన్నీ కలిసి ఇచ్చే బలం, తీసేసినది ఒక్కటీ ఇచ్చిన బలానికి సమానం, దిశ ఎదురు. షడ్భుజి నుంచి ఒకటి తీసేసిన లెక్కను ఐదు బాణాలు గీసి కుస్తీ పట్టేవాళ్లు ఉంటారు. ఒక్క బాణంతో తేలిపోతుంది.

దారాలకు వేలాడే గోళాలు

ఈ రకం ప్రశ్నలో కూలుంబ్ నియమం పని సగమే. మిగతా సగం ఫస్ట్ ఇయర్‌ది. ఒకే కొక్కేనికి 50 సెంటీమీటర్ల దారాలతో రెండు చిన్న గోళాలు వేలాడుతున్నాయి, ఒక్కోటి 30 గ్రాములు. సమాన ఆవేశాలివ్వగా 60 సెంటీమీటర్ల ఎడంతో నిలిచాయి. ఆవేశమెంత? గురుత్వ త్వరణం 10 అనుకుందాం.

ఒక గోళాన్నే తీసుకోండి. కిందికి బరువు, అడ్డంగా విద్యుత్ బలం, దారం వెంట తన్యత. మధ్య నిలువు గీత నుంచి గోళం 30 సెంటీమీటర్లు జరిగింది, దారం 50, కాబట్టి నిలువు ఎత్తు 40. అంటే విద్యుత్ బలం, బరువు, తన్యత 3:4:5 నిష్పత్తిలో ఉంటాయి. బరువు 0.3 న్యూటన్లు, కాబట్టి విద్యుత్ బలం 0.225, తన్యత 0.375. ఇక 90 × ఆవేశం² ÷ 3600 = 0.225. ఆవేశం వర్గం 9, ఆవేశం 3 మైక్రోకూలుంబులు. ప్లస్సా మైనస్సా? రెండూ ఒకే రకం అని మాత్రమే చెప్పగలం.

దీన్నంతా ద్రవంలో ముంచినా కోణం మారలేదు అంటారు ఒక్కోసారి. ద్రవంలో విద్యుత్ బలం రోధక స్థిరాంకంతో (బలాన్ని ఆ ద్రవం ఎన్నో వంతుకు తగ్గిస్తుందో చెప్పే అంకె) భాగించినంత తగ్గుతుంది. ఉత్ప్లవనం వల్ల బరువు కూడా తగ్గుతుంది. కోణం అదే ఉండాలంటే రెండూ ఒకే వంతున తగ్గాలి. గోళం సాంద్రత 1.6, ద్రవం సాంద్రత 0.8 అయితే బరువు సగమైంది, కాబట్టి రోధక స్థిరాంకం 2. నీటికి ఇది దాదాపు 80. ఉప్పు అయాన్లు నీళ్లలో అంత తేలిగ్గా విడిపోవడానికి ఇదొక ముఖ్య కారణం.

క్షేత్రం అడిగితే

కొత్తగా నేర్చుకోవాల్సింది తక్కువ. అడిగిన బిందువు దగ్గర +1 కూలుంబ్ ఉందనుకుని బాణాలు గీయండి, వచ్చే బలమే విద్యుత్ క్షేత్రం. ప్లస్ నుంచి దూరంగా, మైనస్ వైపుకు. ఆ చోట ఎలక్ట్రాన్‌ను పెడితే దాని మీది బలం క్షేత్రానికి ఎదురు దిశలో ఉంటుంది. కూలుంబుకు 1000 న్యూటన్ల క్షేత్రంలో ఎలక్ట్రాన్ త్వరణం 1.6 × 10⁻¹⁶ ÷ 9.1 × 10⁻³¹, దాదాపు 1.76 × 10¹⁴ మీటర్లు ప్రతి సెకను వర్గానికి. ప్రోటాన్ మీద బలం అంతే కానీ త్వరణం 1836 రెట్లు తక్కువ.

అంకెల్లేని ప్రశ్న ఒకటి తరచూ వస్తుంది. చలికాలం పొడి గాలిలో దువ్విన దువ్వెన ఏ ఆవేశమూ లేని కాగితం ముక్కలను లాగుతుంది కదా, మరి ఒక వస్తువుకు ఆవేశం ఉందని ఎలా నిర్ధారిస్తాం? ఆకర్షణ చాలదు. తటస్థ వస్తువులో ఎదురు ఆవేశం దగ్గరికి జరిగినా ఆకర్షణ వస్తుంది. వికర్షణ కనిపిస్తేనే రెండింటికీ ఆవేశం ఉన్నట్టు.

మీరే చేసి చూడండి

1. +6, +6 మైక్రోకూలుంబులు 60 సెంటీమీటర్ల దూరంలో ఉన్నాయి. బలమెంత?
2. ఒకే సైజు లోహ గోళాల మీద +10, −6 మైక్రోకూలుంబులు. తాకించి మళ్లీ అదే దూరంలో పెడితే బలం ఎన్నో వంతు?
3. +16, −1 మైక్రోకూలుంబులు 30 సెంటీమీటర్ల దూరంలో ఉన్నాయి. మూడో ఆవేశం మీద బలం ఎక్కడ సున్నా?
4. లంబకోణ మూలలో +1, దాని నుంచి రెండు భుజాల మీద 30 సెంటీమీటర్ల దూరంలో +3, +4 మైక్రోకూలుంబులు. మూలలోని ఆవేశం మీద ఫలిత బలం?
5. లీటరుకు 1 మిల్లీగ్రాము ఫ్లోరైడ్ ఉన్న అరలీటరు నీళ్లలో ఫ్లోరైడ్ అయాన్ల మొత్తం ఆవేశమెంత?

జవాబులు: 1) 0.9 న్యూటన్లు, వికర్షణ. 2) 1/15, ఆకర్షణ వికర్షణగా మారుతుంది. 3) −1కు అవతల 10 సెంటీమీటర్ల దూరంలో. 4) 0.5 న్యూటన్లు. 5) సుమారు −2.5 కూలుంబులు.